రాయి మీద నా సగం

నాకు బందరులో ఒక సమాధి ఉంది. లోపల నేను లేను, అంతే తేడా.

సమాధుల తోటలో గేటు నుంచి మూడో వరసలో ఉంటుంది. నల్ల గ్రానైటు రాయి. ఎడమవైపు సగంలో మా ఆయన కృపావరం పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. కుడివైపు సగంలో నా పేరు. శ్రీమతి సుగుణ, జననం 1971 అని చెక్కి, దాని కింద మరణం అని చెక్కి, ఆ పక్కన జానెడు ఖాళీ వదిలారు. తొమ్మిదేళ్ళు ఆ ఖాళీ నాకోసం ఎదురుచూసింది.

మా వాళ్ళలో ఇది వింతేమీ కాదు. తోటలో చోటు దొరకడం కష్టం కాబట్టి మొగుడో పెళ్ళామో ముందు పోయినప్పుడు పక్కపక్కనే రెండు అరలు కట్టించేస్తారు. మళ్ళీ మేస్త్రీని పిలవక్కర్లేకుండా రెండో మనిషి పేరు కూడా ఒకేసారి చెక్కించేస్తారు. అయితే ఆ రెండో మనిషిని ముందుగా ఒక మాట అడుగుతారు. నన్నెవరూ అడగలేదు. మా ఆయన ఘంటసాల హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఒకరోజు బోర్డు మీద లెక్క సగంలో ఉండగా గుండె ఆగిపోయింది. ఏడాది తిరిగి జ్ఞాపకార్థ కూడిక పెట్టిన రోజున, రాయి మీద కప్పిన తెల్లగుడ్డని మా బావగారు శామ్యూల్ రాజ్ లాగారు. ఆయన మా ఆయనకి అన్నగారు, మా సంఘానికి కోశాధికారి. గుడ్డ జారగానే నా పేరు నాకు కనబడింది. ఒళ్ళు మండిపోయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్నావిడ నా వీపు నిమురుతూ, ఏడవకమ్మా, ఆయన పక్కన నీకూ చోటుందిగా అంది.

బావగారు చెడ్డవారని నేననను. మాకు చాలా చేశారు. చేసిన ప్రతిదీ మమ్మల్ని అడక్కుండా చేశారు, ఆయనతో నా గొడవ అదొక్కటే. ఆ రోజు కూడా చేతులు దులుపుకుంటూ, నీకిక ఏ బెంగా లేకుండా చేసేశానమ్మా సుగుణా అన్నారు. ఆ తర్వాత ఏటా ఈస్టరు వేకువన తోటలో ఆరాధన అయ్యాక, చుట్టాలు మా ఆయన మీద పూలు చల్లుతూ నా సగం మీద కూడా చల్లేవారు. నేను పక్కనే కొవ్వొత్తి పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. ఒక ఏడు మా ఆడపడుచు మనవరాలు రాయి చదివి, అమ్మమ్మా, నువ్వెప్పుడు లోపలికి వెళ్తావు అని అడిగింది. వాళ్ళమ్మ గబుక్కున దాని నోరు మూసింది. అంతమందిలో నన్ను ఆ సంగతి సూటిగా అడిగింది ఆ పిల్ల ఒక్కతే.

ఆ ఏడు వేసవిలోనే నేను నల్ల సముద్రం వెళ్ళాను.

అది బల్గేరియాలో సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరు. ఊరి పేరు మా వాళ్ళకి నోరు తిరగదు కాబట్టి అందరూ నల్ల సముద్రం అనే అంటారు. నలుపేమీ ఉండదు. ఆ మాటకొస్తే మన మంగినపూడి ఒడ్డే దానికంటే నలుపు. నేను బందరులో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదాన్ని. అక్కడ నా చేతి అన్నం తిని పెరిగిన సుప్రియ, హోటలు కోర్సు చదివి ఆ ఊళ్ళో ఒక హోటల్లో చేరి, వంటింట్లోకి మనిషి కావాలట, మీరు రండి ఆంటీ అని ఫోన్ చేసింది. నాలుగు నెలల సీజను పని. వేసవిలో ఆ ఊరు తిరనాళ్ళే. గొడుగులు, పడవలు, ఐస్‌క్రీములు, ఎండకి ఎర్రగా కమిలిన వీపులు. సెప్టెంబరు ఆఖరుకల్లా అంతా సర్దుకుని పోతారు. కుర్చీలు బోర్లించి, షట్టర్లు దించి, బస్సులు రోజుకి రెండు చేసేస్తారు. ముప్ఫై వేల మంది తిరిగిన చోట ఎనిమిది వందల మంది మిగులుతారు.

మొదటి ఏడు అందరితోపాటు నేనూ వచ్చేశాను. రెండో ఏడు సీజను అయిపోతుండగా హోటలు యజమానురాలు రుమ్యానా నన్ను పిలిచి కూర్చోబెట్టింది. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేదు. చలికాలం హోటలు చూసుకుంటూ ఉండిపోతావా అని అడిగింది. అడిగింది చూడండి, నాకు కొత్త అదే. నేను ఊఁ అనగానే అరవై నాలుగు గదుల తాళాలు చేతిలో పెట్టింది. రోజుకో అంతస్తు తలుపులు తీసి గాలాడనివ్వడం, పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా చూడడం, ఇదీ పని. సాయంత్రం ఒడ్డున నడిచేదాన్ని. ఎదురుపడిన మనిషి ఆగి పలకరించకుండా పోడు, ఉన్నది ఎనిమిది వందల మందే కదా. అక్కడ అవునంటే తల అడ్డంగా ఊపుతారు. మిగతా దేశాలవాళ్ళు తికమకపడతారుగానీ మన తల ఊపుడూ అలాంటిదే కాబట్టి నాకు మొదటిరోజు నుంచీ ఏ ఇబ్బందీ లేదు. పోయినవాళ్ళ ఫొటోలు కాగితాల మీద అచ్చువేయించి గోడలకి అంటిస్తారు, మన సెంటర్లో ఫ్లెక్సీలు కట్టినట్టు. చలికి అలవాటుపడడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది.

మనలాంటి ప్రార్థన మందిరం కూడా ఒకటుంది. ఒక కట్టెల పొయ్యి, నాలుగు బల్లలు, చలికాలంలో పదకొండు మంది, నాతో పన్నెండు. మూడో చలికాలంలో ఆ పదకొండులో ఒక ముసలాయన పోయాడు. వాళ్ళ సమాధుల తోట కొండ మీద, సముద్రం కనబడే చోట ఉంది. మంచుకి నేల రాయైపోయింది. గడ్డపారలు పట్టుకుని వంతులేసుకుని తవ్వుతున్నారు. నేను ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళి అందరికీ పోస్తున్నాను. ఒకాయన తన వంతు అయ్యాక చెమట తుడుచుకుని, చుట్టూ చూసి, గడ్డపార నాకందించాడు. చుట్టపు చూపుగా వచ్చినదాన్నయితే నాకెందుకందిస్తాడు? నేనూ తవ్వాను. చేతులు బొబ్బలెక్కాయి. నేనిక్కడే ఉండిపోతానని ఆ మధ్యాహ్నమే అనుకున్నాను.

ఐదేళ్ళు నిండాక అక్కడి ప్రభుత్వం ఎప్పటికీ ఉండిపోవడానికి కార్డు ఇచ్చింది. హోటలు వెనక రెండు గదుల ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఉండమంది రుమ్యానా. మందిరం వాళ్ళు నన్ను సభ్యురాలిగా రాసుకుంటామన్నారు. అయితే మా సంఘం నుంచి బదిలీ ఉత్తరం తెమ్మన్నారు. ఫలానా మనిషి మా దగ్గర మంచి నడతతో ఉంది, ఇకనుంచి మీ మనిషి అని రాసిచ్చే ఉత్తరం. మాలో ఎవరు ఊరు మారినా వెంట పట్టుకెళ్ళేదే. అది తీసుకుని, ఉన్న నాలుగు సామాన్లూ ఎవరికైనా ఇచ్చేసి, మే నెలలో సీజను మొదలయ్యేలోగా వెళ్ళిపోదామని ఈ మార్చిలో బందరు వచ్చాను.

అప్పుడు చూడాలి మా వాళ్ళ మొహాలు. ఇన్నేళ్ళూ ఎవరికీ అభ్యంతరం లేదు. సుగుణ సీజనుకెళ్ళింది అనుకునేవారు, చలికాలంలో కూడా. మనలో ఉద్యోగం పర్మనెంటయితే స్వీట్లు పంచుతారుగదా. మనిషి పర్మనెంటుగా వెళ్తానంటే మాత్రం మింగుడుపడదు. కూతురో కొడుకో పురిటికి రమ్మంటే వెళ్ళొచ్చట, మనవల్ని పెంచడానికి వెళ్ళొచ్చట. యాభై అయిదేళ్ళ విధవరాలు తనకి నచ్చిందని ఒక ఊరు వెళ్ళిపోవడం మాత్రం ఎక్కడా లేదట. ఎక్కడా లేకపోతే బందరులో మొదలవుతుంది, నష్టమేంటి?

ముందు గుడివాడ వెళ్ళాను, నా కూతురు జెనిఫర్ దగ్గరికి. అది అక్కడ ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మనసులో ఉన్నది దాచుకోదు, ఆ గుణం నాదే. కార్డు చూపించగానే వెనక్కీ ముందుకీ తిప్పి చూసి బల్ల మీద పడేసింది.

"అక్కడ నీకేమన్నా అయితే నేనెలా రావాలమ్మా? నాకు వీసా వచ్చేలోపు నిన్ను పూడ్చేస్తారు. రేపు ఈస్టరుకి నాన్న పక్కన నువ్వు లేకపోతే నేనెవరి దగ్గరికి రావాలి?"

అబద్ధం చెప్పను, ఆ పూట నాకు అన్నం సయించలేదు. బతికున్న నా దగ్గరికే రావే పిల్లా, పోయాక పూలు చల్లడం కంటే అది నయం కదా అన్నాను. అది విననట్టు బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. సాయంత్రం టీ ఇస్తూ కొంచెం మెత్తబడి, అంత వెళ్ళాలనుంటే వెళ్ళిపో, ఆ ఉత్తరం ఎందుకు, ఎవరాపుతారు నిన్ను అంది. చాటుగా వెళ్ళిపొమ్మనడం నాకు ఇంకా మంటెక్కించింది.

ఎందుకో తెలియాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి. మాది దివిసీమ, నాగాయలంక అవతల సముద్రానికి దగ్గరున్న పల్లె. డెబ్భై ఏడు ఉప్పెనకి నాకు ఆరేళ్ళు. నాన్న అంతకుముందే లేడు. నీళ్ళు ఇంటి మీదకొచ్చేసరికి మా అమ్మ నన్ను ఎత్తి తుమ్మచెట్టు కొమ్మల్లోకి తోసింది. చంకలో తమ్ముడున్నాడు కాబట్టి తను ఎక్కలేకపోయింది. ముళ్ళు గుచ్చుకుని నేను ఏడుస్తుంటే, వదలకు, గట్టిగా పట్టుకో అంది. ఆమె మాట నేను వినడం అదే ఆఖరు. నీళ్ళు తీశాక అమ్మ దొరకలేదు, తమ్ముడూ దొరకలేదు. దొరికినవాళ్ళని ఎవరు ఎవరో తెలియకుండా గోతుల్లో కలిపి పూడ్చారు. నన్ను లారీ ఎక్కించి బందరు హాస్టల్లో దింపారు. పద్దెనిమిదేళ్ళు రాగానే హాస్టలు పెద్దలు కృపావరానికిచ్చి చేశారు. మంచివాడే. చెయ్యెత్తి ఎరగడు. నీకేం కావాలని అడిగీ ఎరగడు.

"బందరుకి ఎవరో ఎక్కించిన లారీలో వచ్చాను. పెళ్ళికి ఎవరో కుదిర్చిన తేదీన వెళ్ళాను. ఆ రాయి మీదకి ఎవరో చెక్కిస్తే ఎక్కాను. ఈ ఒక్క ప్రయాణం నేను చెప్పి, సంతకాలు పెట్టించుకుని, అందరూ చూస్తుండగా వెళ్తాను జెన్నీ. దొంగలా వెళ్ళను," అన్నాను.

జెనిఫర్ మర్నాడు బస్టాండు దాకా వచ్చి, కిటికీలోంచి మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

మా పాస్టరు అభిషేక్ గారికి ముప్ఫై రెండేళ్ళుంటాయి. ఆయన నేనడిగిన రోజే ఉత్తరం టైపు చేయించారు. దాని మీద మూడు సంతకాలు ఉండాలి, పాస్టరు, కార్యదర్శి, కోశాధికారి. కోశాధికారి ఎవరో చెప్పాను కదా. బావగారు ఉత్తరం తీసుకుని, చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. కమిటీలో పెట్టాలన్నారు. ఆ వారం కమిటీలో ఒకాయన ఊళ్ళో లేరన్నారు. మరుసటి వారం, ఇవి ఈస్టరు ముందరి శ్రమదినాలు, ఉపవాసాల రోజులు, ఇలాంటి విషయాలు పండగయ్యాక చూద్దామన్నారు. ఇంటికెళితే కాఫీ ఇచ్చి మరో సంగతి మాట్లాడేవారు. సీజను మొదలైపోతే హోటలువాళ్ళు ఇంకొకరిని పెట్టుకుంటారని, అప్పుడు నా అంతట నేనే చల్లబడతానని ఆయన లెక్క. అటు రుమ్యానా రెండుసార్లు ఫోన్ చేసింది, వస్తున్నావా, లేక తాళాలు ఇంకొకరికివ్వనా అని. ఈస్టరు మర్నాడే నా విమానం.

ఈస్టరుకి ముందు వచ్చే మట్టలాదివారం నాడు ఆరాధన అయ్యాక ఇక ఆగలేదు. అందరూ మట్టలు పట్టుకుని బయటికి వెళ్తుంటే నేను మాత్రం కదలకుండా ముందు బల్ల మీద కూర్చున్నాను. కమిటీ కూర్చునేదాకా లేవనన్నాను. బావగారు గొంతు తగ్గించి, గొడవ చేయకమ్మా, ఇంటికి పద అన్నారు. గొడవ చేయట్లేదండీ, కూర్చున్నానంతే అన్నాను. చివరికి పాస్టరుగారే కుర్చీలు వేయించారు.

ఏడుగురు కూర్చున్నారు. తలా ఒక ప్రశ్న వేశారు. ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారన్నారు. అక్కడి భాషలో నేను డాక్టరుతో దెబ్బలాడగలనని చెప్పాను. పోతే ఎవరు పూడుస్తారన్నారు. గడ్డపార సంగతి చెప్పాను. ఒకాయన, పాపం మంచికే, కన్నతల్లిని మింగిన సముద్రం పక్కకే మళ్ళీ వెళ్తావా అమ్మా అన్నాడు. ఆ సముద్రం ఇక్కడిదే కదండీ, మరి మీరంతా దాని పక్కన ఎందుకున్నారు అన్నాను.

ఇక బావగారి వంతు వచ్చింది. జేబులోంచి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టి, అరచేయి దాని మీద ఆనించారు. ఉత్తరం ఇస్తే రిజిస్టర్లో పేరు కొట్టెయ్యాలి, పేరు కొట్టేస్తే తోటలో చోటుండదు, ఒకసారి పోయిన చోటు మళ్ళీ రాదు, ఆ సంగతి తెలుసా అని అడిగారు. తెలుసన్నాను.

"నీకు తెలుసు. మరి మా తమ్ముడికి?" అన్నారు. "వాడి పక్కన ఆ అర ఎప్పటికీ ఖాళీగా ఉండాలా? ఏటా ఈస్టరుకి ఊరంతా వచ్చి, వీడి పెళ్ళాం వీణ్ణి వదిలేసి పోయిందని చదువుకోవాలా? నేను బతికుండగా చూడలేనమ్మా ఆ ఖాళీ."

అంతవరకూ నేను ఆయన్ని మొండిమనిషి అనే అనుకున్నాను. తమ్ముడు పోయి పదేళ్ళవుతున్నా ఆయన ఇంకా ఆ రాయి దగ్గరే నిలబడి ఉన్నారని నాకప్పుడు తెలిసింది. జాలేసింది. జాలేసినంత మాత్రాన ఆ అరలోకి వెళ్ళి పడుకోలేను కదా.

"బావగారూ, మా అమ్మ ఎక్కడుందో మీకు తెలుసా?" అన్నాను. "నాకూ తెలీదు. దివిసీమలో ఏ గోతిలో ఉందో, అసలు సముద్రం వెనక్కి తెచ్చిందో లేదో. ఆమెకి రాయి లేదు, పక్కన మొగుడు లేడు, ఈస్టరుకి పూలు లేవు. కడపటి దినాన దేవుడు ఆమెని మర్చిపోతాడా?"

పాస్టరుగారు మెల్లగా, మర్చిపోడమ్మా అన్నారు.

"అయితే నల్ల సముద్రం కొండ మీదున్నా నన్ను మర్చిపోడు. ఇక మీ ఖాళీ సంగతంటారా, అది ఖాళీగా ఉండక్కర్లేదు. నా పేరు తీసేసి అక్కడ మా అమ్మ పేరు చెక్కించండి."

ఇది నేను ముందుగా అనుకుని వెళ్ళింది కాదు. ఒట్టు. ఆ కుర్చీల మధ్య నిలబడి ఉండగా నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక మాత్రం ఇన్నేళ్ళు నాకెందుకు తోచలేదా అనిపించింది.

బావగారు ఇంతెత్తున లేచారు. "అత్తా అల్లుడూ పక్కపక్కనా? ఎవరన్నా వింటే మొహాన నవ్విపోతారు!"

"మీ తమ్ముడు మా అమ్మని ఎన్నడూ చూడలేదండీ. ఇప్పుడు పరిచయం చేసుకుంటారు," అన్నాను.

కార్యదర్శి ఇందిరాదేవి టీచరుగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. పాస్టరుగారు నవ్వాపుకుంటూ రిజిస్టరు తెప్పించారు. ఉత్తరం చేతికిచ్చేదాకా నేను సభ్యురాలినే కాబట్టి ఆ రెండో అర నాదేనని, అక్కడ పెట్టేది పేరు ఒక్కటే కాబట్టి ఏ నియమమూ అడ్డురాదని ఆయన తేల్చారు. టీచరుగారు సంతకం చేశారు, ఆయన చేశారు. ఉత్తరం బావగారి ముందుకి జరిపారు.

బావగారు కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశారు. బయట ఎవరో మట్టలు చీపురుతో ఊడుస్తున్నారు. ఆయన సంతకం పెట్టరనే అనుకున్నాను. పెట్టకపోతే ఈస్టరు దాకా ఆ బల్ల మీదే కూర్చుందామని కూడా అనుకున్నాను. ఆయన తలెత్తి, నా మొహంలోకి చూసి అడిగారు.

"మీ అమ్మగారి పేరేంటమ్మా?"

ముప్ఫై ఏడేళ్ళ చుట్టరికంలో నా గురించి తెలుసుకోవాలని ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

"అన్నమ్మ," అన్నాను. అంతసేపూ ఏడవనిదాన్ని, అప్పుడు ఏడ్చాను. ఆయన అన్నమ్మగారు అని ఒకసారి తనలో తను అనుకుని, సంతకం పెట్టి, ఉత్తరం నాకిచ్చేశారు.

ఈస్టరుకి ముందు శనివారం పొద్దున్నే సమాధుల రాళ్ళు చెక్కే యాకోబు తన మిషను తెచ్చాడు. తోటంతా సందడిగా ఉంది. అందరూ తమ తమ సమాధులకి సున్నాలు, రంగులు వేసుకుంటున్నారు. గుడివాడ నుంచి జెనిఫర్ స్కూటీ మీద వచ్చింది. రమ్మని నేను పిలవలేదు. ఎండ పడకుండా నా మీద గొడుగు పట్టుకుని నిలబడింది, ముఖం ఇంకా ముడుచుకునే ఉంది.

పాత అక్షరాలు లోతుగా ఉన్నాయని యాకోబు తల గోక్కున్నాడు. పైన కొత్త రాతి పలక అతికించేస్తే గంటలో అయిపోతుందన్నాడు. వద్దన్నాను. అతికిస్తే కింద నేను ఉండిపోతాను. ఎంతసేపు పట్టినా సరే అరగదీసెయ్యమన్నాను. మిషను పెట్టాడు. తోట అదిరిపోయేలా చప్పుడు. ముందు శ్రీమతి పోయింది, తర్వాత సుగుణ పోయింది, తర్వాత 1971. నా పేరంతా తెల్లటి పొడి అయి నా చీర మీదే పడింది. దులుపుకున్నాను. ఒళ్ళు తేలికయింది, ఉన్నమాట చెప్తున్నాను.

అన్నమ్మ అని చెక్కాక యాకోబు పుట్టిన తేదీ అడిగాడు. తెలీదన్నాను. మరణం దగ్గర 19-11-1977 అని చెక్కించి, జననం పక్కన ఖాళీ వదిలెయ్యమన్నాను. అతను ఉలి దించి, ఇన్నాళ్ళూ ఆ పక్క ఖాళీ, ఇప్పుడు ఈ పక్క ఖాళీనా అక్కా అన్నాడు. అవును, ఇది మనం నింపగలిగేది కాదులే, చెక్కు అన్నాను.

అప్పుడు జెనిఫర్ గొడుగు నా చేతికిచ్చి రాయి ముందు కూర్చుంది.

"అమ్మమ్మ చంకలో మావయ్య ఉన్నాడు కదమ్మా," అంది. "ఆయన్నెందుకు వదిలేశావు? ఆయన పేరు కూడా రాయించు."

రెండేళ్ళు నిండని పిల్లాడు. వాడు బతికుంటే దానికి మావయ్యే మరి. వాడికింకా బాప్తిస్మం కాలేదు, పెట్టిన పేరేదో నాకు గుర్తులేదు. మేము బుజ్జి అనేవాళ్ళం. అదే చెప్పాను. యాకోబు అన్నమ్మ కింద చిన్న అక్షరాలతో బుజ్జి అని చెక్కాడు. జెనిఫర్ తడిగుడ్డతో ఆ రెండు పేర్లూ తుడిచి, నా వైపు చూడకుండా, జూన్లో ఆ హోటల్లో గది దొరుకుతుందా అని అడిగింది. జూన్లో దొరకదే, సీజను, అక్టోబరులో రా, అరవై నాలుగూ ఖాళీగా ఉంటాయి, తాళాలు నా దగ్గరే ఉంటాయి అన్నాను. చలేస్తుందేమో అంది. వేస్తుంది, స్వెట్టరు కొనుక్కో అన్నాను.

మర్నాడు ఈస్టరు. వేకువనే తోటంతా కొవ్వొత్తులు, తెల్లచీరలు. ఆరాధన అయ్యాక చుట్టాలంతా మా రాయి దగ్గరికొచ్చారు. కొందరు చదివి నోరు నొక్కుకున్నారు. మా ఆడపడుచు మనవరాలు ఇప్పుడు పెద్దదయింది, బుజ్జి ఎవరని అడిగి, ఉప్పెన సంగతి మొత్తం చెప్పించుకుంది. బావగారు పూలబుట్ట తీసుకుని ముందు తమ్ముడి మీద చల్లారు. తర్వాత రెండడుగులు కుడివైపుకి జరిగి, చెప్పులు విడిచి, రెండు దోసిళ్ళ నిండా బంతిపూలు తీసి మా అమ్మ మీద పోశారు. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత మా అమ్మకీ తమ్ముడికీ పూలు పడ్డాయి.

నేను పక్కనే నిలబడ్డాను, కొవ్వొత్తి పట్టుకుని. నా మీద ఒక్క పువ్వూ పడలేదు.